ఆ సర్టిఫికెట్టు ఎవరి బీరువాలో ఉంది?

ఆరు నిమిషాల్లో కిలోమీటరు పరుగెత్తాలి. ఎత్తు 160 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఆడవాళ్లయితే 150. మగవాళ్లకు ఛాతీ 80 సెంటీమీటర్లుండి, ఊపిరి పీలిస్తే ఇంకో నాలుగు పెరగాలి. పాదాలు చదునుగా ఉండకూడదు, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకోకూడదు, రంగులు పోల్చుకోవడంలో తడబాటు ఉండకూడదు. ఇది చదివితే కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందేమోనని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మైదానాల్లో తెల్లారుజామున పరుగులు తీసే కుర్రవాళ్లు ఆశపడతారు. కానీ ఇవి పోలీసు కొలతలు కావు. బంగారు అంగడి ముందు, సిమెంటు ఫ్యాక్టరీ గేటుకాడ, ఆసుపత్రి వరండాలో యూనిఫాం వేసుకుని నిలబడే సెక్యూరిటీ గార్డుకు నిబంధనలు పెట్టిన కొలతలు.

కొలతలతో అయిపోలేదు, చదువు కూడా ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది, 2006 మార్చి 14 నుంచి అమల్లో ఉంది. ఆ రంగంలో పనిచేసేవాళ్లు దాన్ని పొట్టిగా ‘పసారా’ అంటారు. దాని కింద కేంద్రం 2006లో రాష్ట్రాలకు నమూనా నిబంధనలు పంపింది, 2020లో వాటిని తిరగరాసింది. గార్డుగా నిలబడబోయే మనిషికి తరగతి గదిలో 100 గంటలు, బయట 60 గంటలు, కనీసం 20 పనిదినాల మీద శిక్షణ ఇవ్వాలని ఆ నిబంధనల్లో ఉంది. మిలిటరీ నుంచో పోలీసు శాఖ నుంచో వచ్చినవాళ్లకు 40 గంటల పాఠం, 16 గంటల ఫీల్డు చాలు, అది ఏడు పనిదినాలకు తగ్గకూడదు.

మన గేట్ల దగ్గర నిలబడ్డవాళ్లను ఈ 160 గంటల గురించి కదిపితే వచ్చే జవాబు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: ట్రైనింగ్ ఏముంటాదన్నా, చేరిన దినమే టార్చిలైటు చేతికిచ్చి గేటుకాడ నిలబెట్టినారు. ఆ చదువు జరగాల్సిన తీరులో జరగకపోవడం ఒక అన్యాయం. జరిగిన చోట కూడా దాని కాగితం చదివినవాడి చేతికి రాకుండా ఏజెన్సీ ఆఫీసు బీరువాలో ఉండిపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం. మొదటిదాని గురించి అప్పుడో ఇప్పుడో ఎవరో ఒకరు మాట్లాడుతున్నారు. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

మూడు ఊళ్లు, మూడు రకాల గేట్లు

ప్రొద్దుటూరుకు రెండో బొంబాయి అని పేరు రావడానికి బంగారం, బట్టల వ్యాపారమే కారణం. చుట్టుపక్కల జిల్లాల పెళ్లిళ్ల బంగారం ఇక్కడి అంగళ్లలోనే కొంటారు. దసరా వస్తే అమ్మవారిశాల చుట్టూ వీధులు జనంతో కిక్కిరిసిపోతాయి. అలాంటి ఊళ్లో గార్డు అంటే తలుపు తీసి నమస్కారం పెట్టేవాడు మాత్రమే కాదు. గుంపు ఎటు కదులుతోందో, బయటికి పోయే దారికి ఎవరు అడ్డం నిలబడ్డారో, ఒకే మనిషి మూడోసారి ఎందుకు వచ్చాడో చూడాల్సినవాడు.

జమ్మలమడుగు వైపు పోతే కథ మారిపోతుంది. ఎర్రగుంట్ల, చిలంకూరు, మైలవరం మండలం, ఇంకాస్త కిందికి నల్లలింగాయపల్లె. ఈ సున్నపురాతి నేలంతా సిమెంటు ఫ్యాక్టరీలే. పక్కనే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మైలవరం మండలంలో సోలార్ పార్కు అద్దాలు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. పులివెందుల చుట్టూ తుమ్మలపల్లె యురేనియం గని, జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ, వేంపల్లె మండలం ఇడుపులపాయలో వేలమంది పిల్లలు చదివే ట్రిపుల్ ఐటీ. సర్కారు సంస్థలు కొన్నింటికి కేంద్ర బలగాలో రాష్ట్ర ప్రత్యేక రక్షణ దళమో కాపలా ఉంటాయి. మిగతా గేట్లన్నీ ఏజెన్సీ మనుషులవే.

ఈ ప్రాంతానికి పెద్ద పరిశ్రమ వస్తుందని శంకుస్థాపనలు ఎన్ని జరిగాయో జమ్మలమడుగు జనానికి తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీ మాట 2007 నుంచి వింటూనే ఉన్నారు. ఫ్యాక్టరీ వచ్చేదాకా ఊళ్లోని ఇంటర్ తప్పిన కుర్రవాడికీ, పంట పోయిన నడివయసు రైతుకూ దొరికే ఉద్యోగాల్లో సెక్యూరిటీ ఒకటి. వచ్చాక కూడా స్థానికులకు ముందుగా దొరికేది గేటు ఉద్యోగమే. అందుకే ఈ పనికి చదువు, పట్టా, లైసెన్సు ఎలా ఉండాలన్నది ఇక్కడ ఇంటింటికీ తగిలే సంగతి.

సిమెంటు గేటు దగ్గర ఒక లారీ లోపలికి పోయి బయటికి వచ్చేదాకా గార్డు చేసే పని చూడండి. ముందు బండి నంబరు, డ్రైవరు లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ చూడాలి. డ్రైవరు తాగి ఉన్నాడా లేదా కనిపెట్టాలి. క్లీనరు తలకు హెల్మెట్టు, కాళ్లకు బూట్లు ఉన్నాయా చూడాలి. ఖాళీ లారీ కాటా ఎక్కి తూకం చీటీ తీసుకుంటుంది. లోడు అయ్యాక మళ్లీ కాటా. బయటికి వచ్చేటప్పుడు ఇన్వాయిస్‌లో బస్తాల లెక్క, కాటా చీటీలో బరువు, ఈ-వే బిల్లులో బండి నంబరు, గేట్ పాస్ మీద సంతకం, నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. తార్పాలిన్ కింద చెయ్యి పెట్టి చూడాలి, టూల్ బాక్సు తెరిపించాలి. ఒక్క అంకె తేడా వచ్చినా బండిని పక్కన నిలబెట్టి ఫోను చేయాలి. వెనక ఇంకో పది లారీలు హారన్లు కొడుతుంటాయి. ఆ కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. గార్డు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదివి అర్థం చేసుకోగలగాలని నమూనా నిబంధనల్లో రాసింది ఇందుకే. తెలుగు మీడియంలో ఎనిమిదో తరగతితో ఆగిపోయినవాడు ఇదంతా ఎవరూ నేర్పకుండా రెండు మూడు నెలల్లో తనంతట తాను పట్టేస్తున్నాడు. దీన్ని నైపుణ్యం లేని పని అని ఏ నోటితో అంటాం?

160 గంటల్లో ఏముంది?

పాఠాల జాబితా చదివితే, దాన్ని రాసినవాళ్లు ఈ పనిని గౌరవించే రాశారనిపిస్తుంది. నలుగురిలో నడవడిక, యూనిఫాం వేసుకునే పద్ధతి దగ్గర మొదలై భవనాల భద్రత, నిప్పు ఆర్పడం, గుంపును అదుపు చేయడం, గుర్తింపు పత్రాల పరిశీలన, నాటుబాంబుల్లాంటి పేలుడు వస్తువులను గుర్తుపట్టడం, ప్రథమ చికిత్స, విపత్తు వేళ చేయాల్సినవి, స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించే పద్ధతి, ఆత్మరక్షణ హక్కు, పోలీసు, సైనిక హోదాల గుర్తులు, అలారాలు, స్క్రీనింగ్ యంత్రాల దాకా ఉంటుంది. తుపాకీ వాడకం కావాలంటేనే. నోట్ల బండి నడిపేవాడికి మాత్రం జాగ్రత్తగా బండి నడపడంలో శిక్షణ తప్పనిసరి.

వీటిలో ప్రాణాలు నిలబెట్టేవి మూడున్నాయి. మొదటిది నిప్పు. బట్టల అంగట్లో గోడకు ఎర్రటి సిలిండరు వేలాడుతుంటుంది. దాని మెడ దగ్గర చిన్న గడియారం లాంటి మీటరులో ముల్లు పచ్చరంగు మీద ఉందా లేదా అన్నది గార్డు డ్యూటీ ఎక్కగానే చూడాల్సిన మొదటి సంగతి. పిన్ను లాగాలి, గొట్టం మూతిని మంట పైభాగానికి కాకుండా మొదలుకు గురిపెట్టాలి, పిడి నొక్కి అటూ ఇటూ ఊపాలి. ఆరు కేజీల పొడి సిలిండరు సెకన్లలోనే ఖాళీ అయిపోతుంది. అందుకే మంటకు మరీ దూరంనుంచి కొడితే పొడి గాలిపాలవుతుంది, మరీ దగ్గరికి పోతే మనిషికే ప్రమాదం. తప్పించుకునే దారి ఎప్పుడూ వెనకే ఉండాలి. కరెంటు బోర్డు మీద నీళ్లు పోయకూడదు, దానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడాలి, ఆ సిలిండరు మూతిని వట్టి చేత్తో పట్టుకుంటే చలికి చర్మం అంటుకుపోతుంది. చెబితే ఐదు నిమిషాల పాఠం. కానీ ఒక్కసారైనా నిజం మంట ముందు నిలబడి పిన్ను లాగనివాడికి ఆ రోజు చేతులు ఆడవు. ఫీల్డు శిక్షణకు 60 గంటలు పెట్టింది అందుకే. ఎక్కువగా ఎగ్గొట్టేది కూడా ఆ 60 గంటలనే.

రెండోది చట్టం. గార్డు పోలీసు కాడు. పోలీసుకున్న అధికారాలేవీ అతనికి లేవు. అంగట్లో దొంగతనం చేస్తూ ఒకడు కళ్లెదుటే దొరికితే మామూలు పౌరుడు పట్టుకోగలిగినట్టే అతనూ పట్టుకోగలడు. అంతకుమించి ఒక్క దెబ్బ కొట్టినా, గోడౌన్‌లో పెట్టి తాళం వేసినా నేరం గార్డు మెడకే చుట్టుకుంటుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, పట్టుకున్న మనిషిని ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. పాత చట్టంలో ఆ ఆరు గంటల గడువు లేదు. ఆత్మరక్షణ హక్కు సెక్షన్లు కూడా ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉండేవి, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు మారాయి. అంటే 2024కు ముందు నిఖార్సుగా శిక్షణ పొందినవాళ్లకు కూడా మళ్లీ ఒక పూట పాఠం చెప్పాల్సిందే. యజమాని ‘వాణ్ణి లోపలికి తీసుకుపోండ్రా’ అని అరిచినప్పుడు ‘వద్దు సార్, స్టేషన్‌కు ఫోన్ చేస్తా’ అనగలిగే ధైర్యం ఆ ఒక్క పూట పాఠంతో వస్తుంది. దొంగ ప్రాణానికీ గార్డు ఉద్యోగానికీ అది కాపలా.

మూడోది ప్రథమ చికిత్స, అందులోనూ మన నేలకు తగినది. సోలార్ పార్కులో రాత్రి కంచె వెంబడి తిరిగేవాడికి దొంగకన్నా ముందు పాము ఎదురవుతుంది. కాటు వేసిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. మనిషిని నడిపించకుండా, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు దొరికే ఆసుపత్రికి చేర్చాలి. నాటువైద్యుడి దగ్గరికి పోతే పోయేది సమయమే. ఇక ఎండ. మే నెలలో మన జిల్లా ఎండ ఎట్లుంటుందో వేరే చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డు కింద పన్నెండు గంటలు నిలబడ్డ మనిషికి చెమట ఆగిపోయి మాట తడబడుతోందంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి 108కు ఫోను చేయాలి. ఈ సంగతి పక్క గార్డుకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ వేళకు అక్కడ ఉండేది అతనొక్కడే.

ఏటీఎం, నోట్ల బండి, తుపాకీ

2013 నవంబరు 19న బెంగళూరులో ఏటీఎం లోపల ఒక బ్యాంకు ఉద్యోగినిని కత్తితో నరికిన వీడియో దేశమంతా చూసింది. దుండగుడు లోపలికి పోయి షట్టరు దించుకున్నాడు. అక్కడ గార్డు లేడు. ఆ తర్వాత కర్ణాటకలో గార్డు లేని ఏటీఎంలను పోలీసులు మూయించారు. 2017లో మదనపల్లెలో దొరికిన ఆ నిందితుడు, 2011లో కడప జైలు నుంచి తప్పించుకున్న ఖైదీ. ఈ సంగతి మన జిల్లా వాళ్లకు ఇప్పటికీ గుర్తుంది. ఏటీఎం గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన ఉన్నాడంటేనే ఆ షట్టరు కిందికి రాదు. ఆ కుర్చీని ఖర్చు కింద లెక్కేసి తీసేసిన చోట్లు ఇవాళ చాలా ఉన్నాయి.

నోట్లు మోసే బండ్లకు కేంద్ర హోంశాఖ 2018 ఆగస్టులో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, అవి 2019 ఫిబ్రవరి 8 నుంచి అమల్లో ఉన్నాయి. పట్టణాల్లో రాత్రి తొమ్మిది తర్వాత, పల్లెల్లో సాయంత్రం ఆరు తర్వాత ఏటీఎంలో డబ్బు పెట్టకూడదు. ఒక్కో ట్రిప్పులో ఐదు కోట్లకు మించకూడదు. బండిలో డ్రైవరుతో పాటు ఇద్దరు సాయుధ గార్డులు, డబ్బు చూసుకునే ఇద్దరు ఉండాలి.

తుపాకీ ఉన్న గార్డు సంగతి మన దగ్గర ఇంకాస్త క్లిష్టం. డబుల్ బ్యారెల్ భుజాన వేసుకుని అంగడి ముందు నిలబడేది ఎక్కువగా రిటైర్డ్ జవాన్లే. తుపాకీ లైసెన్సు చాలాసార్లు ఆ మనిషి పేరు మీదే ఉంటుంది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే జిల్లాలో లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లలో అప్పగించమంటారు. పులివెందుల, జమ్మలమడుగుల్లో ఈ కట్టడి ఎంత గట్టిగా ఉంటుందో, ఎందుకు ఉండాలో కూడా ఇక్కడివాళ్లకు తెలుసు. బ్యాంకు కాపలా వంటి అవసరాలకు స్క్రీనింగ్ కమిటీ మినహాయింపు ఇస్తుంది, ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. చట్టం ఇంకో గీత కూడా గీసింది. గార్డు యూనిఫాం మిలిటరీదిలాగో పోలీసుదిలాగో కనిపించకూడదు. కనిపిస్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా. ముఠా కక్షల కాలం చూసిన నేల మీద ఈ నియమం ఎంత అవసరమో వేరే చెప్పాలా? భుజాన తుపాకీ ఉన్న మనిషి ఎవరి తరఫున నిలబడ్డాడో చూడగానే తెలియాలి.

లైసెన్సు ఎవరిది, పట్టా ఎవరిది?

ఇక అసలు సంగతి. మన చట్టంలో లైసెన్సు గార్డుకు కాదు, ఏజెన్సీకి. ఐదేళ్లకు ఇస్తారు. ఒక్క జిల్లాలో నడపాలంటే ఐదు వేలు, ఐదు జిల్లాల దాకా పదివేలు, రాష్ట్రమంతటా అయితే ఇరవై ఐదు వేలు ఫీజు. గార్డుకు 18 ఏళ్లు నిండాలి, 65 దాటకూడదు, నడవడిక పోలీసు విచారణలో తేలాలి, శిక్షణ ముగించి ఉండాలి. ఇవన్నీ సరిచూసే బాధ్యత ఏజెన్సీది. ఏజెన్సీ అతనికి ఫోటో గుర్తింపు కార్డు ఇస్తుంది. ఉద్యోగం మానిన రోజు ఆ కార్డు తిరిగి ఇచ్చేయాలని చట్టంలోనే రాశారు. అది సబబే, వేరేవాళ్ల పేరున్న కార్డుతో ఎవరూ తిరగకూడదు కదా.

కానీ శిక్షణ సర్టిఫికెట్టు సంగతి వేరు. శిక్షణ పూర్తిచేసినవాడికి శిక్షణ సంస్థ నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్టు ఇవ్వాలన్నాయి నమూనా నిబంధనలు. ‘వాడికి’ ఇవ్వాలి, వాణ్ణి పెట్టుకున్న ఏజెన్సీకి కాదు. ఉత్తీర్ణులైనవాళ్ల జాబితాను కూడా శిక్షణ సంస్థలు హోంశాఖలోని నియంత్రణాధికారికి పంపాలి. కాగితం మీద ఇంత చక్కగా ఉన్నా జరిగేది ఇంకోలా ఉంటుంది. ఏజెన్సీ ఫైలులో పెట్టుకోవడానికని సర్టిఫికెట్టు తీసుకుంటుంది, తనిఖీకి చూపిస్తుంది, గార్డు అడిగితే రేపు మాపంటుంది. వాడు ఎక్కువ జీతం కోసం వేరే ఏజెన్సీకి మారితే అక్కడ కొత్తవాడి కింద లెక్క. పదేళ్ల అనుభవం ఉన్నవాడూ, నిన్న చేరినవాడూ ఒకే జీతానికి ఒకే గేటులో నిలబడతారు. యూనిఫాం డబ్బులని మళ్లీ కోత. నాలుగేళ్లలో మూడు ఏజెన్సీలు మారిన మనిషికి చేతిలో చూపించుకోవడానికి ఒక్క కాగితం ఉండదు.

సముద్రం దాటిన మన పిల్లల సంగతి చూడండి. ఇంగ్లండుకు ఎమ్మెస్సీ చదవడానికి పోయిన తెలుగు పిల్లలు చాలామంది వారానికి ఇరవై గంటల పరిమితిలో సెక్యూరిటీ డ్యూటీలు చేస్తారు. అక్కడ 2001లో చేసిన చట్టం కింద సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ అనే సంస్థ ఏర్పడింది. పిల్లలు ‘ఎస్‌ఐఏ బ్యాడ్జి’ అనేది దాని లైసెన్సునే. ముందు కోర్సు చేయాలి, పరీక్ష పాసవ్వాలి, 2021 నుంచి ప్రథమ చికిత్స అర్హత కూడా ఉండాలి. తరువాత లైసెన్సు మనిషి పేరు మీదే, అతని ఫోటోతో, మూడేళ్లకు వస్తుంది. సంస్థ మారినా లైసెన్సు అతనితోనే పోతుంది. నంబరు కొడితే అది చెల్లుతుందో లేదో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఆస్ట్రేలియాకు పోయినవాళ్లు సెక్యూరిటీ ఆపరేషన్స్‌లో సర్టిఫికెట్ 2 చేసి, ఉన్న రాష్ట్రంలో తమ పేరున లైసెన్సు తెచ్చుకుంటారు. దుబాయిలో 2016లో ఏర్పడిన ‘సీరా’ అనే నియంత్రణ సంస్థ శిక్షణ, పరీక్ష లేకుండా గార్డును డ్యూటీ ఎక్కనివ్వదు. మన జిల్లానుంచి గల్ఫుకు పోయే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ గేటుకాడ పదేళ్లు చేసినవాడు అక్కడికి పోయి మళ్లీ మొదటి పాఠం దగ్గరినుంచి మొదలుపెడుతున్నాడు. అతని చేతిలో ఇక్కడి పట్టా ఉంటే కనీసం ఇంటర్వ్యూలో ముందు వరుసలో నిలబడతాడు.

అంత దూరం పోకుండా మన దేశంలోనే ఇంకో దారి ఉంది. మహారాష్ట్ర 1981లోనే ప్రైవేటు సెక్యూరిటీ గార్డుల ఉపాధి, సంక్షేమానికి చట్టం చేసింది. దాని కింద బోర్డులు ఏర్పడ్డాయి. గార్డు బోర్డులో పేరు నమోదు చేసుకుంటాడు, కావాల్సిన సంస్థకు బోర్డే పంపుతుంది, జీతం బోర్డు ద్వారానే వస్తుంది. యజమాని మారినా నమోదు పోదు. ఆ పద్ధతికి లోపాలు లేవని కాదు. అయినా గార్డు అనేవాడు ఒక వృత్తికి చెందినవాడు, ఒక కాంట్రాక్టరుకు కాదు అన్న ఆలోచన అందులో ఉంది. దాని మీద నాకు గౌరవం.

మనకూ అలాంటి ఆలోచన కొత్తేమీ కాదు. పాలెగాళ్ల కాలంలో ఈ సీమలో కట్టుబడి బంట్రోతులు ఊళ్లకూ కోటలకూ కాపలా కాసేవారు. వాళ్ల జీతం మాన్యం భూమి, అది లెక్కల్లో వాళ్ల పేరున, కుటుంబం పేరున ఉండేది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ల బలం తీసేశాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కట్టుబడుల మాన్యాలను కుంఫిణీ ప్రభుత్వం వెనక్కి తీసుకుంటూ వచ్చింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డప్పుడు ఆయన వెంట నడిచినవాళ్లలో మాన్యం పోయిన కట్టుబడులు చాలామంది. పేరు మీదున్న ఆధారం పోతే కాపలాకాసేవాడికి ఎంత కడుపుమంట కలుగుతుందో ఈ ప్రాంతం అప్పుడే చూసింది.

జీతం, గంటలు, జరిమానా

శిక్షణ గురించి మాట్లాడుతూ జీతాన్ని వదిలేస్తే అది సగం మాటే. ఇరవై రోజులు శిక్షణకు పోతే ఆ ఇరవై రోజుల కూలి ఎవరిస్తారన్నది మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న. అప్రెంటిస్ చట్టానికి 2014లో జరిగిన సవరణ తర్వాత ఇలాంటి వృత్తులకూ అప్రెంటిస్‌షిప్ దారి తెరుచుకుంది. 2016లో మొదలైన జాతీయ పథకం కింద స్టైపెండులో పాతిక శాతం, నెలకు 1,500 రూపాయల దాకా కేంద్రం భరించే ఏర్పాటు పెట్టారు. పని చేస్తూ, స్టైపెండు తీసుకుంటూ నేర్చుకునే ఈ పద్ధతే మన పిల్లలకు సరిపోతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు ఈ దారి పడితే గేటుకాడే తరగతి గది అవుతుంది.

డ్యూటీ ఎనిమిది గంటలే అని చట్టం చెబుతుంది. గేటు దగ్గర మాత్రం పన్నెండు గంటలు. రిలీవర్ రాకపోతే ఇరవై నాలుగు, దానికి డబుల్ డ్యూటీ అని పేరు. కనీస వేతనం, పీఎఫ్, బోనస్, గ్రాట్యుటీ చట్టాలను పసారా చట్టం తన అనుబంధంలోనే చేర్చింది. వాటిని తప్పిన ఏజెన్సీ లైసెన్సు రద్దు చేయవచ్చు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. అది చేతికొస్తే పీఎఫ్ కట్ చేసి జమ చేయని ఏజెన్సీని నిలదీయడానికి ఒక ఆధారం ఉంటుంది.

నాకు మింగుడుపడని లెక్క ఒకటుంది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, పాతిక వేల దాకా జరిమానా. లైసెన్సు తీసుకుని శిక్షణ లేనివాళ్లను గేటుకాడ నిలబెడితే జరిమానా గరిష్ఠంగా పాతిక వేలే. రాష్ట్రమంతటా ఏజెన్సీ నడపడానికి కట్టే లైసెన్సు ఫీజు కూడా అంతే. ఒక్కో గార్డుకు 160 గంటల చదువు చెప్పించే ఖర్చు ముందు ఆ జరిమానా ఎవరినీ భయపెట్టదు. లైసెన్సును నిలిపివేసే, రద్దుచేసే అధికారం మాత్రం చట్టంలో ఉంది, భయపెట్టేది అదొక్కటే. దాన్ని వాడాలంటే తనిఖీకి వచ్చే అధికారి రిజిస్టరు చూసి వెళ్లిపోకుండా గేటుకాడున్న మనిషిని పిలిచి ‘ఈ సిలిండరు పిన్ను లాగి చూపించు’ అనాలి.

అందుకే అడగాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. శిక్షణ ముగించినవాళ్ల జాబితా నిబంధనల ప్రకారం హోంశాఖకు ఎటూ చేరాలి. ఆ జాబితాను ఒక్కో మనిషికి ఒక నంబరు వేసి, ఎవరైనా సరిచూసుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఏజెన్సీల లైసెన్సు దరఖాస్తుకు కేంద్రం 2019లోనే పోర్టల్ తెచ్చింది. ఏజెన్సీకి ఉన్నది గార్డుకు ఎందుకు ఉండకూడదు? శిక్షణకు గదులు కూడా కొత్తగా కట్టనక్కర్లేదు. ప్రొద్దుటూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీలు, పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఆ గదులు ఖాళీ. పాఠం చెప్పడానికి ఫైర్ స్టేషన్ సిబ్బంది, రిటైర్డ్ సుబేదార్లు, రిటైర్డ్ ఎస్సైలు ఊళ్లోనే ఉన్నారు. ఆడపిల్లలకు ప్రత్యేక బ్యాచి పెట్టాలి. ఆసుపత్రులు, కాలేజీలు, బట్టల అంగళ్లు మహిళా గార్డులకోసం వెతుకుతున్నాయి, ఆడవాళ్లను తనిఖీ చేయాల్సింది ఆడవాళ్లే.

సూపర్‌వైజర్ల సంగతీ తేల్చాలి. పదిహేనుమంది గార్డులకు ఒక సూపర్‌వైజర్ ఉండాలని, వేర్వేరు చోట్ల డ్యూటీలయితే ఆరుగురికి ఒకరని 2006 నమూనా నిబంధనల్లో ఉంది. సూపర్‌వైజర్‌కు నాయకత్వం మీద ప్రత్యేక పాఠమూ ఉంది. అంటే గార్డుగా చేరినవాడికి పైమెట్టు ఒకటుంది. ఆ మెట్టు ఎక్కడానికి అతని పాత శిక్షణ, అనుభవం లెక్కలోకి రావాలి. రావాలంటే ఆ కాగితాలు అతని దగ్గర ఉండాలి.

ఇప్పటికిప్పుడు సెక్యూరిటీలో చేరబోయే కుర్రవాడు ఏజెన్సీ ఆఫీసులో అడుగు పెట్టగానే గోడ మీద లైసెన్సు ఉందా, గడువు ఉందా చూసుకోవాలి. అందరికీ కనబడేలా లైసెన్సు పెట్టడం చట్టం ప్రకారం తప్పనిసరి. నియామక పత్రం, పీఎఫ్ ఖాతా నంబరు, ఈఎస్ఐ నంబరు అడగాలి. శిక్షణ సర్టిఫికెట్టు అసలు కాపీ తన దగ్గర పెట్టుకుని ఏజెన్సీకి జిరాక్సు ఇవ్వాలి. అపార్ట్‌మెంటువాళ్లు నేరుగా పెట్టుకునే వాచ్‌మన్‌కు పసారా చట్టం వర్తించదు, ఎందుకంటే మధ్యలో ఏజెన్సీ లేదు. అయినా అలాంటివాళ్లు సొంతంగా శిక్షణకు పోతే కాదనేవారెవరు?

అంగడి యజమానులకూ ఒక మాట. ఏజెన్సీతో ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు నెలకు మనిషికి ఎంత అని మాత్రమే అడుగుతున్నారు. వచ్చే మనిషి శిక్షణ ఎక్కడ తీసుకున్నాడో, ఏ తేదీన ముగించాడో, పోలీసు విచారణ అయిందో లేదో ఒప్పందంలోనే రాయించండి. నెలకోసారి అంగడి మూసే ముందు ఒక్క పది నిమిషాలు గార్డు చేత సిలిండరు పట్టించండి, వెనక తలుపు తీయించండి, కరెంటు మెయిన్ ఎక్కడుందో చూపించమనండి. దసరాకు ముందు నెలలో తప్పకుండా ఒకసారి.